సాంటారోజా తోట, మన మొగలి గట్టు

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. బరంపురంలో తెలుగులో మాట్లాడమంటే నాకు ఎప్పుడూ సంతోషమే. పోయిన జూన్‌లో అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు చూసిన ఒక తోట గురించి చెప్తాను.

ఊరి పేరు సాంటారోజా. కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, సొనోమా కౌంటీలో ఉంది. వైన్‌కు పేరుపడ్డ సీమ. దారి పొడుగునా ద్రాక్ష తోటలే. కొన్నిచోట్ల ద్రాక్ష వరస మొదట్లో ఒక గులాబీ మొక్క కనిపించింది. బూడిద తెగులు ముందు గులాబీ మీద బయటపడుతుందని, రైతుకు అది హెచ్చరిక అని పాతకాలంలో నాటేవారట. వైన్ నేను రుచి చూడలేదు. నా మనసు లాగింది ఊరి నడిబొడ్డున ఉన్న తోట.

అది లూథర్ బర్బాంక్ అనే తోటమాలి ఇల్లు, పెరడు. టికెట్ లేదు, గేటు తోసుకుని లోపలికి వెళ్లడమే. ఈయన కుర్రతనంలో ఒక బంగాళదుంప మొక్కకు కాసిన కాయలో 23 గింజలు దొరికితే, అన్నీ నాటి, వాటిలో మేలైనదాన్ని ఎంచాడు. ఆ రకం హక్కులు 150 డాలర్లకు అమ్మి, 1875లో సాంటారోజా చేరాడు. 1926లో పోయేదాకా అక్కడే 800 పైచిలుకు కొత్త రకాలు తీశాడు. ఆ ఊరి పేరే పెట్టిన రేగు పండులాంటి ప్లమ్ కూడా ఆయనదే.

ఆయన తీసిన షాస్తా డైసీ అనే పువ్వు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నడుమ పసుపు బొట్టు, చుట్టూ ఉతికి ఆరేసినట్టు తెల్లని రేకులు. ఆ తెలుపు కోసం ఆయన పదిహేడేళ్లు మొక్కలు కలిపాడు, వేలకు వేలు పీకి పారేశాడు.

పక్కనే నాగజెముడు. ముందు భయపడి, తర్వాత అరచెయ్యి ఆనించాను. మందంగా, చల్లగా ఉంది, ముల్లు లేదు. ఎడారిలో పశువులకు మేతగా పనికొస్తుందని తీసిన రకమిది. పరమహంస యోగానంద ఈ ఊరికి వచ్చి ఆయన్ను కలిశారు. నీకు ముళ్లక్కర్లేదు, నిన్ను నేను కాపాడతానని ఆ మొక్కలతో మాట్లాడేవాణ్ణని బర్బాంక్ చెప్పినట్టు రాశారు. 1946లో అచ్చయిన తన ఆత్మకథను యోగానంద బర్బాంక్ స్మృతికే అంకితమిచ్చారు. ఆ యోగానందగారి గురువు ఆశ్రమం మన పూరీలోనే ఉంది. అంత దూరాన అది గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది.

అక్కడ బెంచీ మీద కూర్చుంటే మా నాయనమ్మ జడలోని మొగలిరేకు వాసన తలపుకొచ్చింది. ఒడియావాళ్లు కియా అంటారు. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో ఎక్కువ భాగం మన గంజాం జిల్లాదే. తెల్లవారుజామున పువ్వు కోసి, రాగి బానలో నీళ్లతో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి దిగుతుంది. ఆ వాసన మగ చెట్టు పువ్వుకే. అందుకే మన పెద్దలు గింజ జోలికి పోకుండా, మంచి మగ చెట్టు చూసి దాని పిలకలే తెచ్చి గట్ల మీద నాటారు. ఎంచడమంటే ఇదీ ఎంచడమే కదా! బర్బాంక్‌కు ఊరు తోట నిలిపింది. మన గట్లు వేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, గట్లేమో ప్లాట్ల కింద పోతున్నాయి. నాకు ఇది నిజంగా బాధ.

తిరిగి రాగానే మా చేనుకు వెళ్లాను. ఆరు పొదల్లో రెండు అప్పటికే నరికేశారు. మిగిలిన నాలుగూ ముట్టుకోవద్దని తమ్ముడికి చెప్పాను, వాడూ సరేనన్నాడు. నాలుగూ మగ చెట్లే. వానలు పడ్డాక పిలకలు కావాలన్నవాళ్లు రండి. ఆకుకు రెండంచులా, వెనక ఈనెకూ ముళ్లుంటాయి, కత్తీ గోనెసంచీ తెచ్చుకోండి.