కోడిపిల్లలు ఉన్నట్టుండి డల్ అయ్యాయా? ఆంప్రోలియం పొడి రివ్యూ

నమస్కారం అండి. పొద్దున్న మేత మీద ఎగబడ్డ కోడిపిల్ల సాయంత్రానికి రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని మూలకు చేరితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. మన విశాఖలో పెందుర్తి, ఆనందపురం వైపు పెరట్లో పెంచేవాళ్లయినా, సిటీలో ఇంట్లో పిల్లలు ముచ్చటపడ్డారని రంగు కోడిపిల్లలు కొన్నవాళ్లయినా, వెంటనే మందుల షాపుకే పరిగెడతారు. అక్కడ చేతిలో పెట్టేవి సాధారణంగా ఆంప్రోలియం పొడి, ఏదో ఒక యాంటీబయాటిక్, ఎలక్ట్రోలైట్ ప్యాకెట్. ఈ రోజు ముఖ్యంగా రక్తపారుడుకు వాడే ఆంప్రోలియం గురించి మాట్లాడుకుందాం. సరైన జబ్బుకు పడితే కోడిపిల్లల్ని నిలబెట్టే మందు ఇది. వేరే జబ్బుకు వాడితే మాత్రం ఉన్న కాస్త టైమూ పోతుంది.

ప్యాకెట్ చింపే ముందు, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టిన బల్బు వైపు చూడండి. మొదటి వారం పిల్లల దగ్గర వేడి 35 డిగ్రీల దాకా ఉండాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయంటే చలి. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతున్నాయంటే వేడి ఎక్కువైంది. వానాకాలం రాత్రి కరెంటు పోయిందంటే ఏ జబ్బూ లేకుండానే తెల్లారేసరికి పిల్లలు చచ్చిపోతాయి. అందుకే ఒక థర్మామీటర్ కొనుక్కోండి, నా లెక్కలో మందులన్నిటికంటే ముందు కొనాల్సింది అదే.

ఇప్పుడు రెట్ట. ఊక మీద సరిగా కనపడదు కాబట్టి డల్‌గా ఉన్న పిల్లను విడిగా పెట్టి, కింద పాత పేపరు పరవండి. ఇదిగో, కెమెరా దగ్గరకు తెస్తున్నా చూడండి. ఈ చాక్లెట్ రంగు జిగురు రెట్ట చూసి చాలామంది భయపడతారు, ఇది మామూలే. పక్కన ఉన్నది చూడండి, పేపరు మీద ఎర్రగా అంటుకుంది, అది రక్తం. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో ఇలా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రక్తపారుడు, అదే కాక్సీడియోసిస్ అనే పరాన్నజీవి జబ్బు. పది రోజులు నిండని పిల్లల్లో ఇది దాదాపు రాదు. తడి ఊకలో, వెచ్చదనంలో ఈ పరాన్నజీవి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే అంటించే దశకు వస్తాయి. మన సముద్రపు గాలి తేమ దానికి బాగా కలిసొస్తుంది.

ఆంప్రోలియం పనిచేసే తీరు నాకు చాలా నచ్చుతుంది. అది చూడటానికి విటమిన్ బి1 లాగే ఉంటుంది. పరాన్నజీవి బి1 అనుకుని దాన్ని తీసుకుని, అసలు విటమిన్ అందక చస్తుంది. అందుకే ఈ మందు ఇచ్చే రోజుల్లో బి1 ఉన్న విటమిన్ మందు కలిపి ఇవ్వకూడదు. షాపులో రెండూ కలిపి ఇస్తే విటమిన్‌ది కోర్సు అయ్యేదాకా పక్కన పెట్టండి. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 0.6 గ్రాములు, రక్తం ఎక్కువగా పడుతుంటే 1.2 గ్రాములు, ఐదు రోజులు. తర్వాత 0.3 గ్రాముల చొప్పున ఇంకో వారం, రెండు వారాలు. ప్యాకెట్ మీద శాతం వేరేగా ఉంటే ఈ లెక్కా మారుతుంది, చూసుకోండి. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది, అందుకే నీటిలోనే ఇస్తాం. వేరే నీళ్లు పెట్టకండి, రోజూ కొత్తగా కలపండి. తడి ఊక తీసి పొడి ఊక వేయకపోతే మాత్రం జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

మొదటి రెండు మూడు వారాల్లో తెల్లటి రెట్ట వెనక అంటుకుపోయి పిల్లలు చస్తుంటే అది తెల్లపారుడు కావచ్చు. అది బ్యాక్టీరియా జబ్బు, తల్లి నుంచి గుడ్డులోనే వస్తుంది, ఆంప్రోలియం పనికిరాదు. యాంటీబయాటిక్ కావాలా, ఏది కావాలో డాక్టరు చెప్పాలి. కొలిస్టిన్‌ను మన దేశంలో 2019లోనే కోళ్లకు వాడకుండా నిషేధించారు, ఎవరైనా ఇస్తే వద్దనండి. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం ఉంటే కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బును అనుమానించాలి. దానికి మందు లేదు, 5–7 రోజుల వయసులో కంట్లో చుక్క టీకా వేయించడమే దారి. ఎలక్ట్రోలైట్ ఏ జబ్బులోనైనా ఒంట్లో నీరు తగ్గకుండా ఆదుకుంటుంది, కానీ జబ్బును తగ్గించదు.

నా మార్కులు: రక్తపారుడుకు ఆంప్రోలియం పదికి తొమ్మిది. ఏదో ఒకటి ఇచ్చేద్దాం అనుకుని వాడేవాళ్లకు సున్నా.

ఒకటీ అరా చస్తే, ఆ పిల్లను కవరులో పెట్టి, ఐస్ మీద ఉంచి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. అక్కడ డాక్టరు కోసి చూస్తేనే అసలు కారణం తెలుస్తుంది. ఫ్రీజర్‌లో మాత్రం గడ్డకట్టించకండి. ఒక్క రాత్రిలో గుంపుగా చనిపోతే ముట్టుకోకండి, కోయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాం కదా. వెంటనే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి, పిల్లల వయసు, రెట్ట రంగు, ఎన్ని పోయాయో చెప్పండి.