ఆదివారం పాట ఎవరి గొంతుకు సరిపోవాలి?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. పాలకొల్లు పరిసరాల క్రైస్తవ దేవాలయాలలో చాలాకాలంగా కీబోర్డు వాయిస్తూ, గాయక బృందాన్ని నడిపిస్తున్న సంగీతకారుడు ఈనాటి మన అతిథి. అయ్యా, ఆరాధనకు పాటను ఎంచుకునేటప్పుడు మీరు మొదట చూసేది ఏమిటండీ?

అతిథి: వందనాలండి. సంఘం, అంటే ఆరాధనకు వచ్చిన విశ్వాసులందరూ, ఆ పాటను పాడగలదా లేదా అన్నదే మొదట చూస్తాను. రికార్డింగులో గాయని ఐదున్నర వంటి హెచ్చు శ్రుతిలో పాడిన పాటను మేమూ అక్కడే ఎత్తుకుంటే, పల్లవి వరకు అందరూ గొంతు కలుపుతారు గాని, చరణం తారస్థాయికి చేరేసరికి వెనుక బల్లల మీది పెద్దలు పాడటం మాని పుస్తకం వైపు చూస్తూ నిలబడిపోతారు. ఆపైన అది ఆరాధన కాక మా బృందం కచేరీ అవుతుంది. అందుచేత పాటలోని అన్నింటికంటే పై స్వరాన్ని ముందుగా వెతికి, స్త్రీల గొంతులో అది కీబోర్డు మీద పై సప్తకంలోని డి అనే స్వరం దాటకుండా శ్రుతి దించుకుంటాను. దించితే పల్లవి మరీ అడుగుకు పోయి వినబడకుండా ఉంటుందా, ఆ పాట బృందం పాడుకోవడానికే గాని సంఘానికి కాదని పక్కన పెడతాను.

వ్యాఖ్యాత: పాత కీర్తనలకు ఆ ఇబ్బంది ఉండదా?

అతిథి: తక్కువండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట తలమీదనే రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు తెలిసిన రాగాలలో నడుస్తాయి గనుక, ఏ సందర్భానికి ఏది నప్పుతుందో రాగం పేరు చూడగానే కొంత తెలుస్తుంది. అయితే రాగం ఒక్కటే చాలదు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 గంటల నుంచి 3 గంటల వరకు యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. ఒక్కొక్క ప్రసంగం తరువాత ఒక్కొక్క పాట వస్తుంది. ఏడింటికీ శోకం పలికే ముఖారి రాగంలోనే విలంబంగా ఏడుపుపాటలు పెడితే మూడవ మాటకే సంఘం అలసిపోతుంది. నిజానికి రెండవది దొంగకు పరదైసును వాగ్దానం చేసిన మాట; దాని తరువాత నిరీక్షణ ధ్వనించే పాట రావాలి. ‘దప్పిగొనుచున్నాను’ అన్న అయిదవ మాటకు మాత్రం వాద్యాలు తగ్గించి, హార్మోనియం ఒక్కదానితోనే పాడిస్తాను.

వ్యాఖ్యాత: మన డెల్టాలో కోత పండుగ పెద్ద వేడుక కదా. అప్పుడో?

అతిథి: సార్వా పంట ఇంటికి చేరిన ఏడు డోలక్‌తో హుషారైన పాట పెట్టవచ్చు, ఎవరూ కాదనరు. తుపానుకు వరి నేలకొరిగిన ఏడు మాత్రం ఆ పాటే పాడితే, కానుకగా తేవడానికి వరికంకి కూడా మిగలని కౌలురైతు ముఖం ఎటు చూడాలి? ఆనాడు సమృద్ధిని వర్ణించే చరణాలు వదిలి, దేవుని కాపుదలను తలచుకునే కీర్తన ఎంచుకుంటాను. కొన్ని క్రైస్తవ సహవాసాలలో ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే వేళ, వాద్యాలే వాడరు. అక్కడికి పిలిస్తే కీబోర్డు ఇంటివద్ద వదిలి, శ్రుతి అందించడానికి మాత్రమే వెళ్తాను.

వ్యాఖ్యాత: యువకులు కొత్త పాటలు కోరితే కాదంటారా?

అతిథి: కాదననండి. ముందు సాహిత్యం చదువుతాను. ‘నేను, నాకు’ అన్న మాటలే నిండి దేవుని పేరు చివరి చరణానికి గాని రాకపోతే, దాన్ని యూత్ మీటింగుకు వదిలేస్తాను. మిగిలినవాటిని సంఘానికి రెండు ఆదివారాలు ముందే కానుకల సమయంలో వినిపించి, తరువాతే పాడిస్తాను. ఇక ప్రసంగానికి తీసుకునే వాక్యభాగం ఏదో కాపరిగారు, అదే పాస్టరుగారు, గురువారానికల్లా చెబితే తగిన పాట వెతుకుతాను. ఆదివారం ఉదయం గంట కొట్టాక చెబితే, అందరికీ వచ్చిన పాత కీర్తనే.