వార్డుల్లోకి నడిచిన గ్రంథాలయం: సేడీ పీటర్సన్ డెలానీ జీవితం

సభకు నమస్కారం.

1924 జనవరిలో, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కీగీ పట్టణంలోని మాజీ సైనికుల ఆస్పత్రిలో ఒక మహిళ గ్రంథపాలకురాలిగా చేరారు. ఆమెకు అప్పగించిన గ్రంథాలయంలో ఉన్నవల్లా ఒక బల్ల, సుమారు 200 పుస్తకాలు. ఆ ఏడాది ముగిసేసరికి పుస్తకాల సంఖ్య దాదాపు 4,000కు చేరింది. ఆమె పేరు సేడీ పీటర్సన్ డెలానీ. పుస్తకాలు సమకూర్చడం, వర్గీకరించడం, అందించడం వృత్తిగా చేసుకున్నవాళ్ళం కనుక 4,000 అనే అంకె దగ్గర మన చూపు ఆగుతుంది. కాని నేను ఈ రోజు ప్రధానంగా చెప్పదలచుకున్నది, ఆ పుస్తకాలను ఆమె ఎవరి చేతికి, ఏ విధంగా అందించారన్న సంగతి.

ముందు ఆ ఆస్పత్రి గురించి కొంత చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో 3.5 లక్షలకు పైగా నల్లజాతి అమెరికన్లు సైన్యంలో పనిచేశారు. తిరిగి వచ్చినవారిలో గాయపడినవారికి, క్షయ సోకినవారికి, మనసు చెదిరినవారికి అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఆస్పత్రుల్లో సరైన చోటు దొరకని పరిస్థితిలో, వారి కోసమే 1923లో టస్కీగీ ఆస్పత్రిని తెరిచారు. రోగులు నల్లవారైనా వైద్యులూ అధికారులూ తెల్లవారే ఉండాలని స్థానిక తెల్లజాతి పెద్దలు పట్టుబట్టగా, నల్లజాతి వైద్యులకే ఆ బాధ్యత ఇవ్వాలని టస్కీగీ విద్యాసంస్థ అధిపతి రాబర్ట్ మోటన్ గట్టిగా నిలబడ్డారు. ఆ ఏడాది జూలైలో నల్లజాతివారిపై హింసకు పాల్పడే తెల్లజాతి దురహంకార సంఘమైన కూ క్లక్స్ క్లాన్ సభ్యులు ఊళ్ళో ఊరేగింపు తీసి బెదిరించారు. చివరకు 1924లో డాక్టర్ జోసెఫ్ వార్డ్ నాయకత్వంలో ఆస్పత్రి నల్లజాతి సిబ్బంది చేతికి వచ్చింది. ఆ ఉద్రిక్తత ఇంకా చల్లారని రోజుల్లో డెలానీ అక్కడ అడుగుపెట్టారు.

ఆమె 1889లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో పుట్టారు. 1920లో న్యూయార్క్ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా నివసించే హార్లెమ్‌లోని 135వ వీధి శాఖా గ్రంథాలయంలో వృత్తి మొదలుపెట్టారు. చూపులేని పాఠకుల కోసం, వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ, మూన్ లిపులను ఆమె అక్కడే నేర్చుకున్నారు. ఎంపిక చేసిన పుస్తకాలతో రోగికి ఉపశమనం కలిగించే పద్ధతికి ‘బిబ్లియోథెరపీ’ అనే పేరును 1916లో శామ్యూల్ క్రోథర్స్ అనే రచయిత వాడారు. మనం దానిని గ్రంథ చికిత్స అనవచ్చు. పేరు పెట్టినవారు వేరైనా, దానిని వార్డులో ఏళ్ళ తరబడి ఆచరించి చూపినవారిలో డెలానీది ముందువరస.

ఆ ఆచరణ ఎలా సాగిందో దగ్గరగా చూడాలి. పుస్తకం ఇచ్చే ముందు ఆమె మనిషిని తెలుసుకునేవారు: అతని జబ్బు ఏమిటి, ఎంతవరకు చదువుకున్నాడు, యుద్ధానికి ముందు ఏ పని చేసేవాడు, దేనిమీద ఇష్టం. వైద్యులతో, మానసిక వైద్యులతో కూర్చుని ఆ రోగి గురించి చర్చించేవారు. పుస్తకం మందుకు బదులన్న ధోరణి ఆమె పనిలో లేదు. చికిత్స చేసేవారిలో తాను కూడా ఒకరన్న క్రమశిక్షణతో ఆమె పనిచేశారు. మంచం దిగలేని వారి దగ్గరకు పుస్తకాల బండి వెళ్ళేది. పుస్తకం పట్టుకునే శక్తి లేనివారి కోసం పేజీని గోడమీద పెద్ద అక్షరాలుగా పడేలా చేసే యంత్రాన్ని వాడేవారు. వెల్లకిలా పడుకుని, చేతులు కదలని ఒక మనిషి గోడమీది వాక్యాన్ని తన కళ్ళతో తానే చదువుకోవడాన్ని ఒక్క క్షణం ఊహించుకోండి. ఎవరో చదివి వినిపిస్తే వినడం వేరు, తన వేగంతో తాను చదువుకోవడం వేరు.

వీటితోపాటు సాహిత్య సంఘం, చర్చలు, పుస్తక ప్రసంగాలు, స్టాంపుల సేకరణ, బుక్ బైండింగ్ కూడా ఆ గ్రంథాలయంలో సాగాయి. వీటిని కాలక్షేపాలుగా భావించడం పొరపాటని నా అభిప్రాయం. ఆస్పత్రిలో మనిషి ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఏ మందు మింగాలో అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. మానసిక రోగి విషయంలోనైతే అతని మాటకే విలువ ఉండదు. అటువంటి చోట, ఈ పుస్తకం కావాలి, అది వద్దు అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. వార్డులో అతను రోగి, పుస్తకాల బండి ముందు పాఠకుడు. డెలానీ సాధించినదానిలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన గ్రంథాలయానికి ఒక పాఠకుడు రోజూ వచ్చి, ఒకే కుర్చీలో, ఒకే పుస్తకం తెరిచి, సాయంత్రం వరకు పేజీ తిప్పకుండా కూర్చునేవాడు. నియమాలు పాటిస్తున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేదు కనుక నేను చాలా రోజులు పట్టించుకోలేదు. అది నా తప్పు. డెలానీ గురించి చదివిన తర్వాత ఒకరోజు అతని పక్కన కూర్చుని, ఏమైంది అని కాకుండా, మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం అని అడిగాను. చాలాసేపటికి, పటాలున్న పుస్తకం ఏదైనా ఉందా అన్నాడు. అట్లాసు తెచ్చి ముందు పెట్టాను. ఆ రోజు పేజీలు తిరిగాయి. నిద్ర పట్టడం లేదని వారం తర్వాత తనంతట తానే చెప్పాడు, డాక్టర్ దగ్గరకు వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. నేను చేయగలిగింది అంతవరకే. కాని అడగకపోయి ఉంటే ఆ పాటి కూడా జరిగేది కాదు.

తిరిగి టస్కీగీకి వస్తాను. 1934లో డెలానీ చూపులేని మాజీ సైనికుల కోసం ప్రత్యేక విభాగం ప్రారంభించి, హార్లెమ్‌లో తాను నేర్చుకున్న బ్రెయిలీని వారికి నేర్పారు. ఆమె పద్ధతి చూసి నేర్చుకోవడానికి విశ్వవిద్యాలయాల నుంచి గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులు ఆ ఆస్పత్రికి వచ్చేవారు. 1950లో అట్లాంటా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1958 మే నెలలో కన్నుమూసేనాటికి, అంటే చేరిన 34 ఏళ్ళ తర్వాత కూడా, ఆమె ఆ ఆస్పత్రి ప్రధాన గ్రంథపాలకురాలిగానే ఉన్నారు.