ముప్పై డాలర్ల తగాదా

శ్రోతలకు నమస్కారం. ఇప్పుడు మన ఊళ్ళలో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. అక్కడ దిగీ దిగగానే ఫోన్ కనెక్షన్, బ్యాంకు ఖాతా, కొన్నాళ్ళకు క్రెడిట్ కార్డు తీసుకుంటారు. ఒక్కోదానికీ చిన్న అక్షరాల్లో పేజీలకు పేజీలు ఒప్పందం ఉంటుంది. చదివే ఓపిక ఎవరికుంటుంది? ఒప్పుకున్నామని నొక్కేసి ముందుకెళ్ళిపోతారు. ఆ ఒప్పందాల్లో తరచూ కనిపించే ఒకే ఒక్క షరతు గురించి ఈ పూట చెబుతాను.

కాలిఫోర్నియాలో ఒక జంట 2002లో సెల్‌ఫోన్లు తీసుకున్నారు. ఫోన్లు ఉచితమని ప్రకటన. తీరా చూస్తే ఫోన్ల అసలు ధర మీద అమ్మకం పన్ను వేశారు. ఎంతనుకున్నారు? 30 డాలర్ల 22 సెంట్లు. ఉచితమన్న ఫోనుకు పన్నేమిటని వాళ్ళు కోర్టుకెక్కారు. తమ ఒక్కరి కోసమే కాదు, తమలాగే డబ్బు కట్టిన వాళ్ళందరి తరఫునా దావా నడవాలని అడిగారు. కంపెనీ ఒప్పందం తీసి చూపించింది. తగాదా వస్తే కోర్టుకు వెళ్ళకూడదు, ఆర్బిట్రేషన్‌కు రావాలి, అంటే మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి. అదైనా ఎవరికి వారే రావాలి, నలుగురూ కలిసి రాకూడదు.

కింది కోర్టులు ఈ షరతు చెల్లదన్నాయి. చివరికి కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 2011 ఏప్రిల్‌లో అయిదుగురు జడ్జీలు కంపెనీ వైపు, నలుగురు ఆ జంట వైపు నిలిచారు. 1925 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం షరతు చెల్లుతుందని తీర్పు వచ్చింది. తీర్పుతో విభేదించిన జస్టిస్ బ్రేయర్ ఒక్క ప్రశ్న వేశారు. 30 డాలర్ల కేసులో వచ్చే ఫీజు కోసం ఏ లాయరు వాదించడానికి వస్తాడని.

ముప్పై డాలర్లు. ఒక మనిషికి వదిలేసుకునే డబ్బే. అదే పది లక్షల మంది దగ్గర తీసుకుంటే మూడు కోట్ల డాలర్లు. ఒక్కొక్కరూ వదిలేసుకుంటారు కాబట్టే ఆ మూడు కోట్లు కంపెనీకి మిగులుతాయి.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ సీఎఫ్‌పీబీ అనే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ వచ్చింది. 2017 జులైలో ఆ సంస్థ బ్యాంకులకూ కార్డు కంపెనీలకూ ఒక నిబంధన పెట్టింది. ఆర్బిట్రేషన్ ఉంచుకోండి, జనం కలిసి దావా వేసే దారి మాత్రం మూయకండి అంది. అయినా బ్యాంకులు ఒప్పుకోలేదు. కలిసి వేసే దావాల్లో లాభపడేది లాయర్లేనని వాదించాయి. లాయర్ల ఫీజులు పెద్దవే, ఆ మాట కాదనను. కానీ అందుకు జనానికి కోర్టు తలుపే మూసేయాలా? ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ నిబంధనను రద్దు చేయాలన్న తీర్మానం మీద ఆ అక్టోబరు 24 రాత్రి అమెరికా ఎగువ సభ అయిన సెనేట్‌లో ఓట్లు 50-50 దగ్గర ఆగాయి. రిపబ్లికన్లలోనూ ఇద్దరు నిబంధన ఉండాలన్నారు. ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ తన ఓటు వేశారు. 51-50. నిబంధన పోయింది. ఖాతాదారులకు తెలియకుండా వెల్స్ ఫార్గో అనే పెద్ద బ్యాంకులో లక్షల దొంగ ఖాతాలు తెరిచారని బయటపడి అప్పటికి ఏడాది దాటింది, అంతే. పైగా కొత్త చట్టం చేస్తే తప్ప అలాంటి నిబంధన మళ్ళీ తేవడానికి ఆ సంస్థకు వీల్లేదు.

మన దేశంలో పరిస్థితి నయం. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ అని రాసి ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని 2018లో ఎమ్మార్ అనే ఇళ్ళ నిర్మాణ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

అయితే వాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఈసారి వీడియో కాల్‌లో అడగండి. కొత్త కార్డు, కొత్త ఖాతా తీసుకున్నప్పుడు ఒప్పందంలో ఆర్బిట్రేషన్ అన్న మాట వెతకమనండి. కొన్ని ఒప్పందాల్లో ఈ షరతు నాకు వద్దని రాసి పంపే అవకాశం ఇస్తారు. దానికి గడువు ఉంటుంది, చాలాసార్లు 30 రోజులో 60 రోజులో. ఏ చిరునామాకు ఎలా పంపాలో అక్కడే రాసి ఉంటుంది. పేరు, ఖాతా వివరాలు, షరతు వద్దన్న ఒక్క వాక్యం చాలు. పోస్టులో పంపితే రసీదు, ఉత్తరం నకలు జాగ్రత్తగా దాచుకోమనండి.