ముప్పై మంది పిల్లలు, ముప్పై తాటాకులు

(వారసత్వ వారోత్సవాల్లో కడప ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అయ్యవార్లకు, అమ్మగార్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, భోజనాల వేళ దగ్గర పడింది. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం విశ్వవిద్యాలయాల మ్యూజియాలు, బడిపిల్లలు. ఆనవాయితీ ప్రకారం చరిత్రతో మొదలుపెట్టాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అష్మోలియన్ మ్యూజియాన్ని 1683లో తెరిచింది. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో అశుతోష్ మ్యూజియం పెట్టింది. చరిత్ర ఇంతటితో సరి. మన కడపలోనే, బ్రౌన్ దొర బంగళా ఉండిన చోట, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. 1820లో ఈ ఊరికొచ్చిన దొర పండితులకు జీతాలిచ్చి రాతప్రతులు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆ కాలపు తాటాకు ప్రతులు చూడాలంటే ఆక్స్‌ఫర్డ్ పోనక్కరలేదు, ఆటో ఎక్కితే చాలు.

పిల్లోళ్లను తీసకపోతానే ఉన్నాం కదా అంటారు. ఎట్ల తీసకపోతున్నాం? రెండు బస్సులు, 120 మంది. వరుస కట్టించి, తాకొద్దు, మాట్లాడొద్దు, నడువు నడువు అంటాం. వెనకున్న పిల్లోనికి ముందున్నోని వీపు తప్ప ఇంకేమీ కనపడదు. నలభై నిమిషాల్లో గేటు దగ్గర ఫోటో, మళ్లీ బస్సు. అది ఊరేగింపప్పా, సందర్శన కాదు.

ఇంకొక మాట. అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం మే 18. ఆ రోజు మన బళ్లు సెలవుల్లో ఉంటాయి, కడపలో ఎండ నెత్తి మాడుస్తుంటుంది. కాబట్టి మనకు నవంబరు నుంచి జనవరి దాకానే కాలం. వాళ్ల క్యాలెండరు వాళ్లకే వదిలేద్దాం.

30 మందికి మించి ఒద్దు. రెండు వారాల ముందే ఉత్తరం రాయండి: ఏ తరగతి, ఎంతమంది, ఏం చూడాలనుకుంటున్నారు. ఒక్కో జట్టులో 15 మంది. ఒక జట్టు లోపల చూస్తుంటే రెండోది బయట వరండాలో పని చేస్తుంది. చెప్పేవారి ప్రసంగం ఇరవై నిమిషాలు దాటితే పిల్లలు చేజారిపోతారు. బ్రౌన్ పుట్టిన తేదీ నుంచి మొదలుపెట్టవద్దని ముందే మనవి చేసుకోండి, తప్పులేదు.

నా కాగితంలో పిల్లల చేత చేయించదగ్గ పనులు అయిదు రాసుకొచ్చాను. శాసనాల అచ్చు తీయడం, బొమ్మలు గీయడం, ఇట్లా. అవన్నీ పక్కన పెట్టి తాటాకు ఒక్కటే చెప్తాను. అదొక్కటి సరిగ్గా జరిగితే మిగతావి మీరే చూసుకుంటారు.

ఆకు వారం ముందే సిద్ధం కావాలి. మరీ లేతది ముడుచుకుంటుంది, మరీ ముదురుది పెళుసు. మధ్యరకం ఎంచి, ఈనె తీసేసి, రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు ముక్కలు కోయండి. చెంచాడు పసుపు వేసిన నీళ్లలో అరగంట ఉడికించి నీడన ఆరబెట్టండి. తొందరపడి ఎండలో పెడితే వంకర్లు తిరిగి అంచులు చీలతాయి. సగం ఆరినాక బరువైన పుస్తకాల కింద రెండు రోజులుంచితే చదునవుతాయి. 30 మందికి 45 ముక్కలు కోయండి, మూడోవంతు పాడవుతాయి.

తాటాకు మీద రాసే ఇనుప కలం గంటం. దాని బదులు జామెట్రీ బాక్సులోని కంపాసు ముల్లు సరిపోతుంది. ముందు ఆ ముల్లును రాతి మీద రుద్ది కొస గుండ్రం చేయాలి. వాడిగా ఉంటే ఆకును కోసేస్తుంది. ఆకు ఎడమ అరచేతిలో, ఎడమ బొటనవేలు ముల్లుకు ఆనుగా. చెయ్యి జరపకుండా ఆకునే జరుపుతూ రాయాలి. ముందు వాళ్ల పేరు తెలుగులో రాయించండి. దాని కిందనే హిందీలో రాయమనండి. అక్షరాల పైన అడ్డగీత లాగేటప్పుడు ముల్లు నారల వెంబడి పోయి ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా ఉండడానికి తాటాకే కారణమని చాలామంది అంటారు. ఆ వాదన బాగోగులు తర్వాత, పిల్లోనికి మాత్రం చీలిన ఆకు చేతిలో ఉంటుంది.

ఇప్పటికి ఆకు మీద గీతలే, అక్షరం సరిగా కనపడదు. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి, కాటుక పట్టినట్టు మసి పట్టుకోండి. ఈ పని ముందురోజు ఇంట్లో పెద్దలు చేయాలి, పిల్లల దగ్గర దీపం వద్దు. రెండు చెంచాల మసి అందరికీ సరిపోతుంది. దాంట్లో నూనె చుక్కలు చుక్కలుగానే కలపండి. ఎక్కువైతే ఆకంతా జిడ్డు నల్లగా పాకుతుంది. గుడ్డతో రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే మసి గీతల్లో మాత్రమే నిలుస్తుంది. తెల్ల యూనిఫాం రోజున ఈ పని పెట్టారో, తల్లుల చేత మీకు అక్షింతలే.

ఇప్పుడు అసలు మాట, దీనికోసమే మైకు పట్టుకున్నాను. ముందు లోపల చూపించి, చివర్లో మిగిలిన టైములో పని చేయిస్తాం కదా, దాన్ని తిరగేయండి. పని ముందు, చూడడం తర్వాత. ఒక్క పేరు రాయడానికి పావుగంట తంటాలు పడినోడు లోపల వందల ఆకుల గ్రంథం చూస్తే, తప్పు పోతే ఎట్ల దిద్దినారు సార్ అని వాడే అడుగుతాడు. ఈ రంధ్రం దేనికి అంటాడు. దారం గుచ్చి ఆకులు చెదరకుండా కట్టడానికని చెప్పండి. నిమ్మగడ్డి నూనె ఎందుకు పూస్తారంటాడు. ఆకు మెత్తగా ఉండడానికి, పురుగు పట్టకుండా ఉండడానికి. చూపించేవారికి ఇంక పని తక్కువ. అందుకే రెండో జట్టుకు కూడా లోపలికి పోయేముందే ఆకు పని ముగియాలి. మొదటి జట్టు లోపలికి పోయేటప్పటికి రెండోది ముల్లు పట్టాలి.

లోపలికి పోయేముందు సబ్బుతో చేతులు కడిగించండి, పూర్తిగా ఆరనివ్వండి. మసి చేతులతో, తడి చేతులతో ఎవర్నీ పంపొద్దు. సంచులు, నీళ్ల సీసాలు బయటనే. ఫోటోకు ఫ్లాష్ వేయొద్దు. పాత ప్రతులుండే చోట వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించనివ్వరు, వెలుతురు చేసే చెరుపు ఏడాదికేడాది పోగవుతుంది, తిరిగి బాగుపడదు. గది మసకగా ఉందేమని నిర్వాహకులతో గొడవకు దిగొద్దు సార్, అది కరెంటు బిల్లు కోసం కాదు.

వాకిలి దగ్గర బల్ల మీద కాగితం పెట్టించాను. బడి పేరు, తరగతి, పిల్లల సంఖ్య రాసిపోండి. సంఖ్య 30 దాటితే రెండు వరుసల్లో, రెండు తేదీలకు రాయండి. ఆకులు ఎవరు తెస్తారో కూడా పక్కన రాయండి, లేకుంటే అందరూ వట్టి చేతులతో వస్తారు.