బిల్లు ఆపిన శాఖ మాట కాంట్రాక్టర్ ఎందుకు వింటాడు?

(గ్రామీణ నీటి సరఫరా విభాగంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీర్ల శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ పూట నాకిచ్చిన అంశం కాంట్రాక్టర్లు, సప్లయర్ల పనితీరు. ఆ మాట వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి నోటీసు, పెనాల్టీ, బ్లాక్‌లిస్ట్. నేను మాత్రం మన వైపు నుంచి మొదలుపెడతాను. కాంట్రాక్టర్‌ను నిలదీసే బలం మనకు అగ్రిమెంటు వల్ల కొంతే వస్తుంది. మిగతాదంతా మనం వేళకు తీసే కొలతల వల్ల, వేళకు పంపే బిల్లు వల్ల వస్తుంది.

జల్ జీవన్ మిషన్‌నే చూడండి. 2019 ఆగస్టు 15న ప్రకటించారు. పల్లెల్లో ప్రతి ఇంటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. 2024 కల్లా పూర్తి కావాలన్నారు, 2025 బడ్జెట్‌లో గడువును 2028కి జరిపారు. 2024-25లో కేంద్రం మొదట చూపించింది 70,163 కోట్ల రూపాయలు. సవరించిన అంచనాల్లో అది 22,694 కోట్లకు దిగింది. ఢిల్లీలో అంకె దిగితే మన ఊళ్లో పైపు కోసం తవ్విన కాలువ అలాగే ఉండిపోతుంది, జేసీబీ ఇంకో సైటుకు వెళ్లిపోతుంది. మీరు రెండో నోటీసు పంపుతారు. "సార్, ముందు ఆ పాత బిల్లు సంగతి చూడండి" అంటాడు కాంట్రాక్టర్. ఏం చెబుతారు?

నిధులు ఏఈ చేతిలో ఉండవు, నిజమే. కానీ ఆలస్యం అంతా ఖజానాలోనే జరగదు. ఎం-బుక్, అంటే పని కొలతల పుస్తకం, రాయడానికి ఒక నెల, పై అధికారి ఆ కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంట్‌కు ఇంకో నెల, ఆ తర్వాత ఒక కొర్రీ, ఫైలు వెనక్కి. ఇదంతా మనింటి వ్యవహారమే. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సూచనల ప్రకారం పని సాగుతుండగా ఇచ్చే రన్నింగ్ బిల్లు పెట్టిన 10 పనిదినాల్లో, అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం ఇచ్చేయాలి. తనిఖీ పూర్తిచేసి మిగిలింది 28 పనిదినాల్లో చెల్లించాలి. ఇవి కేంద్ర శాఖలకు చెప్పినవి. మన డివిజన్లలో ఎవరికైనా చదివి వినిపిస్తే ముందు నవ్వుతారు. నవ్వినా సరే, మీ బల్ల మీద ఫైలు ఎన్నాళ్లు ఉందో చూసుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది.

ఇక పైపుల దగ్గరకు వద్దాం. చాలా అగ్రిమెంట్లలో పైపు సైటులో దింపగానే ధరలో ఎక్కువ భాగం ఇచ్చేస్తాం. వేసినప్పుడు కొంత, టెస్టింగ్ అయ్యాక మిగతాది. అందుకే పైపులు పనికన్నా ముందే వచ్చి పడతాయి. ఆ డబ్బు తీసుకున్నాక తవ్వకం మీద ఎవరికి శ్రద్ధ? పీవీసీ పైపులు నెలల తరబడి ఎండలో పడి ఉంటే పెళుసుబారతాయి. కాబట్టి రాబోయే కొద్ది వారాల్లో వేయగలిగినంత పొడవుకే సప్లయ్ అడగండి. దీని మీద కాంట్రాక్టర్ గొడవ పడతాడు, పడనివ్వండి.

ఫ్యాక్టరీలో తనిఖీ అయిందన్న సర్టిఫికెట్ చేతికి రాగానే ఊపిరి పీల్చుకోకండి. డీఐ (డక్టైల్ ఐరన్) పైపు అయితే భారతీయ ప్రమాణం ఐఎస్ 8329, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు అయితే ఐఎస్ 4984, పీవీసీ అయితే ఐఎస్ 4985. పైపు మీద ముద్ర చూడండి: కంపెనీ పేరు, సైజు, క్లాసు, బ్యాచ్ వివరం. సర్టిఫికెట్‌లో ఉన్న బ్యాచే లారీలో వచ్చిందా? ఈ ఒక్క ప్రశ్న అడిగే ఏఈకి రెండో లారీ నుంచి సరుకు జాగ్రత్తగా వస్తుంది. నాణ్యత చూడటానికి బయటి నుంచి వచ్చే థర్డ్ పార్టీ తనిఖీ వాళ్లు ఉన్నారు కదా అంటారేమో. వాళ్లు వచ్చేసరికి పైపు మట్టి కింద ఉంటుంది. రాతినేలలో అడుగున ఇసుక పరిచారో లేదో మట్టి కప్పకముందు చూడగలిగింది మీరే.

గడువు పొడిగింపు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, మనం ఎక్కువగా నష్టపోయేది అక్కడే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్ చదవండి. గడువే ప్రధానమైన ఒప్పందంలో, గడువు దాటాక కూడా పని చేయించుకుంటే, నష్టపరిహారం అడిగే హక్కు ఉంచుకుంటున్నామని ఆ సమయంలోనే నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత అడగలేం. మనవాళ్లు ఏం చేస్తారు? ఈఓటీ, అంటే గడువు పొడిగింపు, ఫైల్లో "పొడిగించడమైనది" అని ఒక్క లైను రాస్తారు. ఫైనల్ బిల్లులో మాత్రం ఎల్డీ, అంటే ఆలస్యానికి పరిహారం, కోస్తారు. వివాదం ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, వెళ్తే అది నిలవడం కష్టం. పైగా మనం సైటు అప్పగించింది ఎప్పుడు, రైల్వే క్రాసింగ్ అనుమతి తెచ్చింది ఎప్పుడు అని అవతలి లాయరు అడుగుతాడు. కాబట్టి ఆలస్యంలో మన వాటా ఎన్ని రోజులు, అతని వాటా ఎన్ని రోజులు అన్నది ఎప్పటికప్పుడు రిజిస్టర్‌లో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. మన తప్పు కూడా రాయాల్సి వస్తుంది. పై అధికారులకు ఇది నచ్చదు. అయినా రాయండి.

చివరిగా, పని పూర్తయి మన చేతికి వచ్చాక సంగతి. కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు కుంగింది. డిజైన్, నాణ్యత మీద వాదనలు చాలా ఉన్నాయి, ఇవాళ వాటి జోలికి పోను. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కమిటీ ఆ తర్వాత ఇచ్చిన నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. 2019-20లో వాడకంలోకి వచ్చినప్పటి నుంచి సిమెంటు కాంక్రీటు బ్లాకులను, నది అడుగు కోసుకుపోకుండా పరిచే ఏప్రాన్‌ను తనిఖీ చేయలేదని, నిర్వహణ చూడలేదని. మన పనులు అంత పెద్దవి కావు. ఓవర్‌హెడ్ ట్యాంకు, పంపు, నాలుగు కిలోమీటర్ల లైను. వాటికీ డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలు వస్తే కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం, ఉంటుంది. అది ముగిసే తేదీ మీ డివిజన్‌లో ఎన్ని పనులకు రాసి పెట్టి ఉందో రేపు వెళ్లి చూడండి. ముగియడానికి మూడు నెలల ముందే కాంట్రాక్టర్‌ను వెంటబెట్టుకుని లైనంతా నడవండి. లీకులు, పగుళ్లు రాయించి సంతకం తీసుకున్నాకే డిపాజిట్ విడుదలకు ఫైలు పెట్టండి.

ఈఓటీ లేఖ నమూనా ఒకటి తెచ్చాను, వెనక బల్ల మీద ఉంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.