ఈత వచ్చా? – సిడ్నీ ఉగాది సభలో చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఇంట్లో వండి గిన్నెలతో మోసుకొచ్చిన అక్కచెల్లెళ్లకు, మధ్యాహ్నం నుంచి కుర్చీలు సర్దుతున్న కుర్రాళ్లకు, అందరికీ ఉగాది శుభాకాంక్షలు. మన ఊళ్లలో ఇప్పుడు మామిడి పిందెలు గట్టిపడి ఎండ ముదురుతూ ఉంటుంది. ఇక్కడ సిడ్నీలో చలికాలం వైపు నడక మొదలైంది. కాని సముద్రం నీళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

నాకిచ్చిన అంశం "ఇంటి నుంచే చిన్న వ్యాపారం". 20 నిమిషాలు మాట్లాడమన్నారు. ముందుగా ఈ పలక చూడండి. చూసి పక్కవాళ్లకు అందించండి, పిల్లలు కూడా పట్టుకోవచ్చు. 35 సెంటీమీటర్ల పొడవు, 19 వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. పైన ఉన్న ఈ పట్టీలో చెయ్యి దూర్చుకోవాలి. దీన్ని హ్యాండ్‌ప్లేన్ అంటారు. ఇంగ్లీషులో వడ్రంగి చిత్రికను కూడా ఇదే మాటతో పిలుస్తారు. నేను ఇవి చేసి అమ్ముతున్నానని ఫోన్లో చెబితే మా నాన్న, "చిత్రికలా? అక్కడ అంతమంది వడ్రంగులున్నారా అమ్మా?" అని అడిగారు.

పెద్ద బోర్డు ఏమీ లేకుండా, ఒంటితోనే కెరటం మీద జారుతూ ఒడ్డుకు రావడాన్ని బాడీసర్ఫింగ్ అంటారు. కాళ్లకు చేప రెక్కల్లాంటి రబ్బరు ఫిన్స్ వేసుకుని, కెరటం లేచే సమయానికి దానితో పాటు ఈది, ఒక చెయ్యి ముందుకు చాపాలి. ఆ చేతికి ఈ పలక ఉంటే అది నీటి మీద తేలి జారుతుంది, దాని ఆసరాతో ఛాతీ నీళ్లలోంచి పైకి లేస్తుంది. ఒంటిని వెనక్కి లాగే నీటి ఒరిపిడి తగ్గి వేగం పెరుగుతుంది. చెరువులో పెంకుతో కప్పగంతులు వేయించిన వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పెంకు ఎందుకు మునగదో ఇదీ అందుకే జారుతుంది.

ఈ ఆట ఇక్కడివాళ్లకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1890ల ప్రాంతంలో ఇక్కడి మ్యాన్లీ బీచ్ దగ్గర టామీ టానా అనే యువకుడు తోటపని చేసేవాడు. పసిఫిక్ సముద్రంలో ఇప్పుడు వనువాటు అంటున్న దీవుల్లోని టానా నుంచి వచ్చినవాడు, అందుకే ఆ పేరు. ఒంటితో కెరటాల మీద జారడం మ్యాన్లీ కుర్రాళ్లు అతన్ని చూసే నేర్చుకున్నారు. అప్పట్లో పట్టపగలు సముద్రంలో స్నానం చేయడం ఇక్కడ నేరం. 1902లో విలియం గోచర్ అనే పత్రికాయన పగలే నీళ్లలోకి దిగి ఆ నిబంధనను ధిక్కరించాడు, ఆ తర్వాతే బీచ్‌లు జనానికి తెరుచుకున్నాయి. అంటే ఈ దేశం తనదిగా చెప్పుకునే ఈ ఆటను ఇక్కడ నేర్పింది వలస వచ్చిన ఒక కూలి మనిషి. మనం కూడా వలస వచ్చినవాళ్లమే కనుక నాకు ఆ పేరంటే ప్రత్యేకమైన ఇష్టం.

నేను భీమిలిలో పుట్టాను. మా నాన్న వడ్రంగి. జేగురు నీళ్లలో తడిపిన తాడుకు ఒక కొన నేను పట్టుకునేదాన్ని, రెండో కొన ఆయన పట్టుకునేవారు. మధ్యలో ఎత్తి వదిలితే చెక్క మీద ఎర్రటి గీత తిన్నగా పడేది. బాడిస, ఉలి, ఆకురాయి, బరమా, ఇవన్నీ నాకు బొమ్మలకంటే ముందు తెలుసు. సముద్రం మా ఇంటికి పది నిమిషాల నడక. అయినా నాకు ఈత రాదు. రానివ్వలేదు అనడం సరైనదేమో. ఆడపిల్లకు సముద్రం అంటే మాఘ పౌర్ణమి నాడు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని మూడు మునకలు, పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టడం, అంతే. బెస్తవాళ్ల పిల్లలు విరిగిన పడవ చెక్కలు పొట్ట కింద పెట్టుకుని కెరటాల మీద వస్తుంటే ఒడ్డున నిలబడి చూసేదాన్ని. నేను ఈత నేర్చుకున్నది ఇక్కడికి వచ్చాక, 36వ ఏట, చంటిపిల్లల బ్యాచ్ పక్కన.

సరే, పని సంగతి. నేను వాడేది పాలోనియా. చైనా వైపు చెట్టు, జపానువాళ్లు కిరి అంటారు, బట్టల పెట్టెలు చేస్తారు. చాలా తేలిక, ఉప్పు నీటిని తొందరగా పీల్చుకోదు, వంకర పోదు. హవాయి పాతకాలపు సన్న చెక్క బోర్డులు, అలాయాలు, మళ్లీ చేయడం మొదలుపెట్టినవాళ్లు ఈ కర్రనే ఎంచుకున్నారు. కాని ఇది మెత్తన. గోటితో నొక్కితే గుంట పడుతుంది. మొద్దు ఉలి పెడితే చెక్క తెగదు, నలుగుతుంది. అందుకే చెక్కే సమయం కంటే ఉలి నూరే సమయం ఎక్కువ. ముందు భాగం కింద నుంచి కాస్త పైకి వంపు తిరగాలి, లేకపోతే కెరటంలో ముక్కు గుచ్చుకుని చెయ్యి మెలి తిరుగుతుంది. అడుగున అరచేతి గుంటలాంటి పల్లం తియ్యాలి. అది గుండ్రటి ఉలితో, కంటితో కాక వేలితో చూసుకుంటూ తీస్తాను. కళ్లు మూసుకుని బొటనవేలు ఆ పల్లంలో నడిపితే ఎక్కడ ఎత్తుందో వేలికి తెలిసిపోతుంది. తర్వాత ఉప్పు కాగితంతో రుద్దడం, గరుకైన 80 నంబరుతో మొదలుపెట్టి నున్నటి 320 దాకా. ఆ పైన కాచిన అవిసె నూనె మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరబెట్టాలి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరెయ్యండి, లేదా నీళ్లలో తడపండి. మన ఇళ్లలో గ్యారేజీ మీదే పిల్లల పడగ్గది ఉంటుంది.

లెక్కలు అడిగారు కనుక చెబుతాను. ఒక పలక 110 డాలర్లు. చెక్క, పట్టీ, తుప్పు పట్టని స్టీలు మరలు, నూనె, కాగితం కలిపి 30. వారాంతపు సంతలో చోటుకు కట్టే అద్దె పలకకు 15 పడుతుంది. మిగిలిన 65ను నేను పెట్టే ఐదు గంటలతో భాగిస్తే గంటకు 13 డాలర్లు. ఇక్కడి కనీస వేతనంలో అది సగానికి కాస్త అటూ ఇటూ. అందుకే వారానికి మూడు రోజులు అకౌంట్స్ ఉద్యోగం కూడా చేస్తున్నాను. దీంతో ఇల్లు గడుస్తుందని ఎవరికీ చెప్పను. వ్యాపారం గురించి ఇంకా రాసుకొచ్చాను, బేరాలు, ఫొటోలు, ఆన్‌లైన్ ఆర్డర్లు... ఈ కాగితం పక్కన పెడుతున్నాను. నిర్వాహకులు క్షమించాలి. నేను ఇక్కడికి వచ్చింది వేరే మాట చెప్పడానికి.

రెండు వేసవుల క్రితం నా స్టాల్ దగ్గరికి ఒక కుర్రాడొచ్చాడు. చదువుకోవడానికి వచ్చినవాడు, మన తెలుగబ్బాయే. సంతలో తెలుగు మాట వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. టీ తాగాం, ఊరి కబుర్లు చెప్పుకున్నాం. పది డాలర్లు తగ్గించి ఇచ్చాను. పట్టీ వాడి చేతికి సరిపోయేలా నేనే బిగించాను. పలక ఎలా కడగాలో, ఎండలో ఎందుకు పెట్టకూడదో, ఏడాదికోసారి నూనె ఎలా రాయాలో, అన్నీ చెప్పాను. ఈత వచ్చా అని మాత్రం అడగలేదు.

వారం తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఫోన్. గొంతు బొంగురుపోయి ఉంది. "అక్కా, మీ పలక పోయింది. ఏమనుకోకండి" అన్నాడు. నేనేదో రాళ్లకు తగిలి విరిగిందనుకుని, పోతే పోయిందిలే, ఇంకోటి చేసిస్తానన్నాను. అప్పుడు ఏడ్చేశాడు. సాయంత్రం బీచ్‌కు కాపలా ఉండే లైఫ్‌సేవర్లు, ఎక్కడ దిగవచ్చో చూపే జెండాలు తీసేసి వెళ్లిపోయాక, స్నేహితుడితో కలిసి, కెరటాలు లేని ప్రశాంతమైన చోటు చూసుకుని దిగాడట. నడుం లోతులో నిలబడ్డవాడు కాసేపటికి నేల అందని చోట ఉన్నాడు. ఒడ్డు వైపు ఈదాలని కొట్టుకున్నాడు. ఈత అని వాడు అనుకున్నది ఊళ్లో దిగుడుబావిలో నేర్చిన రెండు బారలు. చేతికి పలక ఉంది కదా, చెక్క తేలుతుంది కదా, అదే నిలబెడుతుందని దాన్ని రెండు చేతులతో ఛాతీకి హత్తుకున్నాడట. బోర్డు మీద వస్తున్న ఒక నడివయసు ఆయన వీణ్ణి చూసి లాక్కొచ్చాడు. ఆ ఆయన ఎవరో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ బీచ్‌కు వెళ్తే బోర్డు పట్టుకున్న నడివయసు వాళ్లందరినీ చూస్తాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. పలక పరిమాణం ఇంచుమించు ఒక లీటరు. బరువు 300 గ్రాములు. అంటే నీటిలో అది అదనంగా మోయగలిగేది ముప్పావు కిలో కూడా లేదు. తక్కువ రకం లైఫ్ జాకెట్ కూడా సుమారు ఐదు కిలోలు మోస్తుంది. నేను అమ్మింది ఈత వచ్చినవాడికి ఆట వస్తువు, రానివాడికి అబద్ధపు ధైర్యం. ఆ అబద్ధాన్ని నా చేత్తో నేనే నున్నగా రుద్ది, నూనె పెట్టి ఇచ్చాను.

మర్నాడు నాన్నకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అడక్కుండా ఇచ్చీసావా అమ్మా?" అన్నారు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నాన్న ఉయ్యాల చేస్తే, ఇచ్చే ముందు రాత్రంతా అందులో బియ్యం బస్తా వేలాడదీసేవారు. నిచ్చెన చేస్తే ముందు తనే చివరి మెట్టు దాకా ఎక్కి దిగేవారు. కొనేవాడు తొందర పెట్టినా సరే, రేపు రమ్మనేవారు. అది చూస్తూ పెరిగినదాన్ని నేను.

అప్పటినుంచి స్టాల్ మీద ఒక బోర్డు పెట్టాను: ఆగకుండా 200 మీటర్లు ఈదగలిగినవాళ్లకే అమ్ముతాను. అడుగుతాను. మొహం చూసి అనుమానం వస్తే ఇవ్వను. ఒకాయన నా మీద కేకలేశాడు, డబ్బులిస్తుంటే నీకెందుకు అని. ఒక దుకాణంవాళ్లు 40 పలకలు కావాలన్నారు, ఒక్కోదానితో నేనిచ్చే హెచ్చరిక కాగితం మాత్రం వద్దన్నారు. అమ్మకాలు పడిపోతాయట. ఆ ఆర్డరు వదులుకున్నాను. 40 పలకలంటే నాకు మూడు నెలల పని. మీ చేతుల్లో తిరుగుతున్న ఆ పలక తిప్పి చూడండి, అడుగున పసుపు రంగు చార కనిపిస్తుంది. అందం కోసం వేసింది కాదు. ఆపదలో చెయ్యి పైకెత్తి ఊపితే దూరం నుంచి కనపడాలని.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. పిల్లలు కాదు, పెద్దవాళ్లు. 200 మీటర్లు ఈదగలిగినవాళ్లు చెయ్యెత్తండి.

చూశారా? ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఎన్ని చేతులు లేచాయో.

పిల్లల్ని వారం వారం స్విమ్మింగుకు తీసుకెళ్లి, అద్దం అవతల బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాం. ఊరి నుంచి అత్తమామలు వస్తే చూపించేది మొదట బీచే. ప్యాంటు మడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఫొటో కోసం ఇంకో రెండడుగులు వేస్తాం. నీళ్లు వెచ్చగా ఉన్నాయి కదా అని. ఏప్రిల్ చివరికి చాలా బీచ్‌లలో ఈ సీజను జెండాలు కూడా తీసేస్తారు. నీళ్లు మాత్రం అప్పటికీ వెచ్చగానే ఉంటాయి.

సముద్రంలో చుట్టూ కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక్క పాయ నల్లగా, నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే అది దిగే చోటు కాదు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. రిప్ అంటారు. మనలాంటివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు, కెరటాలు లేవని. ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి. జెండాలు లేకపోతే దిగకండి. లాక్కెళితే దానికి ఎదురీదకండి, ఎంతటివాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తండి, అరవండి. ఈదే బలముంటే ఒడ్డుకు సమాంతరంగా, కెరటాలు విరుగుతున్న వైపు ఈదండి. ఒడ్డునున్నవాళ్లు వెంటపడి దూకకండి. తేలేదేదైనా విసరండి, ఇక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చెయ్యండి. ఇది ఇంటికెళ్లి మీ అమ్మకూ నాన్నకూ తెలుగులో చెప్పండి. బీచ్ దగ్గర పెట్టిన బోర్డులు వాళ్లు చదవలేరు.

ఆ అబ్బాయి తర్వాత ఈత నేర్చుకున్నాడు. కిందటి డిసెంబరులో వచ్చి ఆగకుండా 200 మీటర్లు ఈది చూపించి, పలక కొనుక్కుని వెళ్లాడు. డబ్బులు వద్దన్నా వినలేదు, 110 ఇచ్చాడు.

టైం అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు, ముగిస్తాను. వచ్చే ఆదివారం నుంచి పొద్దున్న ఏడింటికి స్విమ్మింగ్ పూల్‌లో పెద్దవాళ్లకు ఈత క్లాసు మాట్లాడాను. నేర్పేది లైసెన్సు ఉన్న టీచరు, ఆవిడ మహిళ. ఒంటినిండా బట్టలతో రావచ్చు, దానికి తగ్గ ఈత దుస్తులు దొరుకుతాయి, ఎక్కడో చెబుతాను. 12 మందికి చోటుంది. గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకం, పెన్ను పెట్టాను. పులిహోర దగ్గరికి వెళ్లే ముందు అటు వెళ్లండి. మొదటి పేరు మా అత్తగారిది, ఆవిడకు 61 ఏళ్లు. రెండో గీత ఖాళీగా ఉంది.